టమాటా మొక్కకు సెన్సర్ తొడగడం ఎలా?

టమాటా మొక్క మిట్టమధ్యాహ్నం తల వాల్చేసిందంటే దాని ఇబ్బంది ఆ పూట మొదలైంది కాదు. వేరుకు నీళ్లు అందకపోయినా, కాండం లోపలి నాళాలు బాక్టీరియాతో పూడుకుపోతున్నా మొక్క ముందుగా చేసే పని ఒకటే: ఆకు అడుగున ఉన్న పత్రరంధ్రాలు మూసేసుకుంటుంది. దాంతో ఆకు నుంచి నీరు ఆవిరవడం తగ్గి ఆకు వేడెక్కుతుంది. కాండం పగలు మామూలు కంటే ఎక్కువ సన్నబడుతుంది, రాత్రికి పూర్తిగా కోలుకోదు. ఇదంతా మన కంటికి ఆనదు. పదో వంతు డిగ్రీ తేడా చెప్పే థర్మిస్టర్ అనే చిన్న వేడి సెన్సర్‌కి, మైక్రాన్లలో (మిల్లీమీటర్లో వెయ్యో వంతుల్లో) కొలిచే చిన్న పరికరానికి మాత్రం దొరుకుతుంది.

పొలంలోనో, షేడ్‌నెట్‌లోనో, మిద్దెతోటలోనో టమాటా వేసి, సోల్డరింగ్ ఐరన్ పట్టుకోవడం, ఆర్డుయినో ప్రోగ్రామ్ ఎక్కించడం కాస్త వచ్చినవాళ్ల కోసం ఈ వివరాలు. మిరపకూ ఇదే పద్ధతి నడుస్తుంది. ఆకు చిన్నది కాబట్టి ఇంకొంచెం ఓపిక కావాలి.

ముందు, ఎంతవరకు ఆశించవచ్చు?

అమెరికాలోని నార్త్ కరోలినా స్టేట్ యూనివర్సిటీలో చింగ్‌షాన్ వెయ్, యోంగ్ ఝూ బృందం 2023లో ఆకుకు అంటించే ఒక పట్టీని ప్రకటించింది. పొడవు 30 మిల్లీమీటర్లు. ఆకు అడుగున అంటిస్తే ఆకు ఉష్ణోగ్రత, తేమ, ఒత్తిడిలో ఉన్నప్పుడు ఆకు వదిలే రసాయన ఆవిరులు అన్నీ కలిపి కొలుస్తుంది. టమాటా స్పాటెడ్ విల్ట్ వైరస్ సోకిన మొక్కను, లక్షణాలు కంటికి కనపడటానికి వారానికి పైగా ముందే అది పట్టుకుంది. ఈ వైరస్‌కి దగ్గరి చుట్టం మన దగ్గరే ఉంది. వేరుశనగలో మొవ్వుకుళ్లు తెగులు తెచ్చే వైరస్ అదే. అది టమాటాకీ సోకుతుంది, రెండింటినీ మోసేది తామర పురుగులే. ఆ తర్వాత 2025లో అయోవా స్టేట్ యూనివర్సిటీలో లియాంగ్ డాంగ్ బృందం సూక్ష్మమైన సూదులున్న పట్టీతో ఆకులోని హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను నిమిషం లోపే కొలిచి చూపించింది. మొక్క తెగులుతో పోరాడేటప్పుడు దాని లోపల పెరిగే పదార్థం అది.

ఇవి మన పురుగుమందుల షాపులో దొరికే సరుకు కాదు. ఆవిరుల సెన్సర్‌ని ఇంట్లో చేసుకోవడం కూడా కుదరదు, ఆ ఆలోచన పక్కన పెట్టేయండి. కానీ ఆ పట్టీ కొలిచే వాటిలో ఒకటైన ఆకు ఉష్ణోగ్రతను మనం బాగానే కొలవగలం. దానికి కాండం మందం, ఆకు తడి సమయం కలుపుకుంటే చాలా పని జరుగుతుంది.

ఒకటి మాత్రం మొదట్లోనే అర్థం చేసుకోవాలి. థర్మామీటర్ జ్వరం ఉందని చెప్తుంది గానీ అది మలేరియానో టైఫాయిడో చెప్పదు. ఈ సెన్సర్ కూడా అంతే. ‘ఆ మూల మూడో సాలులో మొక్క ఇబ్బందిలో ఉంది, వెళ్లి చూడు’ అంటుంది. తెగులు పేరు తేల్చాల్సింది మీరే. అందుకే సెన్సర్ మోగగానే మందు కొట్టడానికి పరిగెత్తేవాళ్లకు దీనివల్ల లాభం కంటే ఖర్చే ఎక్కువ.

ఏ మొక్కలకు తొడగాలి

ఎకరంలో వేల మొక్కలుంటాయి. అన్నిటికీ పెట్టలేం, పెట్టనక్కర్లేదు. కష్టం ముందుగా ఎక్కడ వస్తుందో మీకు తెలిసే ఉంటుంది కదా. డ్రిప్పు లైను చిట్టచివర, వాన పడితే నీళ్లు నిలిచే పల్లం, పోయినేడు మొక్కలు ఎండిపోయిన చోటు, పక్క చేను నుంచి తెల్లదోమ దిగే గట్టు అంచు. ఇలాంటి చోట్ల ఒక్కో మొక్క, పొలం నడుమ బాగా ఎదిగిన మొక్కలు రెండు ఎంచుకోండి. మొత్తం ఆరు మొక్కలతో మొదలుపెట్టొచ్చు.

ఆ రెండు ఆరోగ్యమైన మొక్కలను దండగ అనుకోకండి. అసలు కీలకం వాటిదే. ఒక ఆకు 33 డిగ్రీలు ఉందంటే దానికి అర్థం లేదు. అదే గంటలో, అదే ఎండలో, బాగున్న మొక్క ఆకు 31 ఉండి ఇది 33 ఉందంటే అప్పుడు అర్థం ఉంది. మిద్దెతోటలో నాలుగే కుండీలున్నా ఒకటి పోలికకు వదిలేయాలి.

సరంజామా

ఒక్కో చోటికి కావలసినవి: ఈఎస్‌పీ32 అనే వైఫై ఉన్న చిన్న ప్రోగ్రామింగ్ బోర్డు, ఏడీఎస్1115 అనే పదహారు బిట్ల కొలత మాడ్యూల్, సన్న తీగలున్న చిన్న పూస లాంటి 10 కిలోఓమ్ ఎన్‌టీసీ థర్మిస్టర్లు రెండు, అదే విలువున్న, ఒక శాతానికి మించి తేడా ఉండని రెసిస్టర్లు, గాలి వేడి, తేమ చూడటానికి ఎస్‌హెచ్‌టీ31, ఒక 18650 లిథియం సెల్, దానికి చార్జింగ్ బోర్డు, చిన్న సోలార్ ప్యానెల్. కాండానికి స్ప్రింగ్ ఉన్న, పది మిల్లీమీటర్లు కదిలే లీనియర్ పొటెన్షియోమీటర్ (మొన కదిలినకొద్దీ దాని వోల్టేజీ మారుతుంది). ఇవన్నీ హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీ లాంటి చోట్లలోనో, ఆన్‌లైన్‌లోనో దొరికేవే. మందుల షాపు నుంచి మైక్రోపోర్ పేపర్ టేపు, ఒక వాజిలిన్ డబ్బా తెచ్చుకోండి. ఇక్కడ మందుల షాపు అంటే మనుషులదే.

ఈఎస్‌పీ32లో కొలత పిన్నులు ఉన్నాయి కదా, ఏడీఎస్1115 ఎందుకు అని అడగొచ్చు. ఆ పిన్నుల కొలత సరళంగా ఉండదు, చివర్లలో వంకర పోతుంది. మనకు కావలసింది అర డిగ్రీ, డిగ్రీ తేడాలు. ఆ మాడ్యూల్ ఖర్చు ఇక్కడ మిగుల్చుకుంటే తర్వాత వచ్చే గ్రాఫు మీద నమ్మకం ఉండదు. ఇంకొక మాట. నీళ్లలో ముంచే స్టీలు గొట్టం సెన్సర్ డీఎస్18బీ20 మట్టి వేడికి భేష్, ఆకుకు పనికిరాదు. అది ఆకు కంటే బరువైనది, దాని సొంత వేడినే ఎక్కువగా చూపిస్తుంది.

పొలానికి తీసుకెళ్లకముందే సరిచూసుకోండి

థర్మిస్టర్లన్నిటినీ కట్టగా కట్టి, కాళ్లకు వార్నిష్‌ గానీ నెయిల్ పాలిష్ గానీ పూసి ఆరాక, ఒక చెంబు నీళ్లలో ముంచి పావుగంట కలుపుతూ ఉంచండి. అన్నీ ఒకే అంకె చూపించాలి. చూపించవు. ఏది ఎంత తేడా చూపిస్తోందో రాసుకుని ప్రోగ్రామ్‌లో సరిదిద్దండి. తర్వాత ఐసు ముక్కలు నిండిన నీళ్లలో, ఆపైన గోరువెచ్చటి నీళ్లలో ఇదే పని. ఐసు నీళ్లలో సున్నాకు దగ్గరగా రావాలి. నిజానికి ఒక్కో సెన్సర్ అసలు ఉష్ణోగ్రత ఎంత కచ్చితంగా చెప్తుందన్నది మనకు రెండో విషయం. అన్నీ ఒకదానితో ఒకటి ఏకీభవించడం మొదటిది. ఎస్‌హెచ్‌టీ31ని నీళ్లలో ముంచకూడదు. అన్నిటినీ ఒకే గదిలో, ఫ్యాన్ గాలికి, ఒక రాత్రంతా పక్కపక్కన పెట్టి దాని తేడా చూసుకోండి.

థర్మిస్టర్‌లో కరెంటు ఎప్పుడూ పారుతూ ఉంటే అది తనంతట తానే కొద్దిగా వేడెక్కుతుంది. చిన్న పూసలో ఇది పావు డిగ్రీ దాకా వెళ్లొచ్చు. అందుకని దానికి కరెంటు బోర్డు పిన్ను నుంచి ఇవ్వండి, చదివే క్షణంలోనే ఆన్ చేసి వెంటనే ఆపేయండి. పది నిమిషాలకోసారి చదివితే సరిపోతుంది. మధ్యలో బోర్డు గాఢ నిద్రలో ఉంటుంది, బ్యాటరీ కూడా మిగులుతుంది.

ఆకుకు అంటించడం

పని మొత్తంలో చేయి తిరగాల్సింది ఇక్కడే.

పైనుంచి మూడోదో నాలుగోదో, పూర్తిగా విచ్చుకున్న ఆకు ఎంచుకోండి. మరీ లేత చిగురు వద్దు, అడుగున ముదిరిన ఆకు వద్దు. మధ్యాహ్నం ఎండ తగిలే వైపు ఉండాలి. టమాటా ఆకులో చాలా చిన్నాకులుంటాయి, వాటిలో కొసన ఉన్న పెద్దది తీసుకోండి. పూసను ఆకు అడుగున, నడిమి ఈనెకు పక్కన, ఈనె మీద పడకుండా ఆనించండి. అడుగునే ఎందుకంటే పత్రరంధ్రాలు ఎక్కువగా ఉండేది అక్కడ. పైగా పూస మీద నేరుగా ఎండ పడదు. ఎండ పడిందా, మీరు కొలుస్తున్నది ఆకును కాదు, పూసను.

మైక్రోపోర్ టేపును ఐదారు మిల్లీమీటర్ల సన్న పీలికగా కత్తిరించి, పూసకు కాస్త వెనక తీగ మీదుగా అంటించండి. పూస మీద మొత్తం టేపు కప్పేస్తే ఆ చోట రంధ్రాలు మూసుకుపోయి మీరే ఒక చిన్న వేడి మచ్చ తయారు చేసినవాళ్లవుతారు. ప్లాస్టర్, సెల్లోటేపు, ఫెవిక్విక్ ఏవీ వద్దు. ఆకు నూగు మీద టేపు నిలవకపోతే పలచటి హెయిర్‌క్లిప్పు లాంటి తేలిక క్లిప్పుతో పట్టి ఉంచొచ్చు, స్ప్రింగు బాగా వదులుగా ఉంటేనే.

తీగ బరువు ఆకు మీద పడకూడదు. ఆకు నుంచి ఒక జానెడు దూరంలో తీగను ఊతకర్రకు కట్టి, మధ్యలో ఒక చిన్న వంపు వదలండి. గాలికి ఆకు ఊగినా పూస లాగబడదు. వారానికోసారి పూసను ఊడదీసి పక్క ఆకుకు మార్చండి. ఆకు పెరుగుతుంది, పైన కొత్త ఆకులు వచ్చి దాన్ని నీడలోకి తోసేస్తాయి. మార్చిన తేదీ రాసిపెట్టుకోకపోతే ఆ రోజు గ్రాఫులో వచ్చిన గంతును తెగులు అనుకుని టెన్షన్ పడతారు.

తాకకుండా కొలిచే ఇన్‌ఫ్రారెడ్ సెన్సర్ ఎమ్ఎల్ఎక్స్90614 కూడా వాడొచ్చు. అయితే మామూలుగా దొరికే రకం చూపు 90 డిగ్రీల వెడల్పు. రెండు సెంటీమీటర్ల దూరంలో పెడితే నాలుగు సెంటీమీటర్ల వృత్తం చూస్తుంది. ఆ వృత్తం నిండా ఆకే ఉండాలి. మధ్యలో నుంచి మట్టి గానీ మల్చింగ్ షీటు గానీ కనపడితే అంకె పాడవుతుంది. అందుకే నేను పూసకే ఓటేస్తాను.

గాలి సెన్సర్‌కు గొడుగు

ఎస్‌హెచ్‌టీ31ని ఎండలో వదిలేస్తే గాలి వేడిని కొన్ని డిగ్రీలు ఎక్కువ చూపిస్తుంది, మీ లెక్కంతా తలకిందులవుతుంది. కుండీల కింద పెట్టే తెల్ల ప్లాస్టిక్ పళ్లాలు ఐదారు తీసుకుని, పైది తప్ప మిగతా వాటికి నడుమ రంధ్రం చేసి, వేలెడు సందు వదుల్తూ బోర్లించి దొంతరగా బిగించండి. సెన్సర్ నడుమ వేలాడాలి. మొక్క పైభాగం ఎత్తులో పెట్టండి.

కాండానికి పట్టీ

కాండం పగలు సన్నబడి రాత్రి ఉబ్బుతుంది. ఆకులు నీటిని ఆవిరి చేసే వేగానికి వేరు అందించలేనప్పుడు కాండం తన కణాల్లోని నీటిని కొంత అప్పు ఇస్తుంది, రాత్రి తిరిగి నింపుకుంటుంది. ఇజ్రాయెల్‌కి చెందిన ఫైటెక్ లాంటి కంపెనీలు పండ్లతోటల్లో నీటి తడి ఎప్పుడివ్వాలో ఈ కొలతతోనే చెప్తున్నాయి.

నేల నుంచి జానెడు ఎత్తులో, కణుపులు లేని నున్నటి చోటు చూసుకోండి. కాండానికి ఒక పక్క స్థిరమైన ఆనుడు, ఎదురుగా పొటెన్షియోమీటర్ మొన. రెండింటినీ కలిపే చట్రం దేనితో చేశారన్నది చాలా ముఖ్యం. అల్యూమినియం చట్రం ఐదు సెంటీమీటర్ల పొడవుంటే, పగటికీ రాత్రికీ 15 డిగ్రీల తేడాకు అదే 17 మైక్రాన్లు సాగుతుంది. మీరు వెతికే మార్పు కూడా పదుల మైక్రాన్లలోనే ఉంటుంది కాబట్టి చట్రం సాగడాన్ని మొక్క ఖాతాలో రాసేస్తారు. కార్బన్ ఫైబర్ కడ్డీలు వాడితే ఈ బాధ దాదాపు ఉండదు. డ్రోన్ విడిభాగాలు, పెద్ద గాలిపటాల సామాను అమ్మేవాళ్ల దగ్గర దొరుకుతాయి.

టమాటా కాండం మెత్తనిది. స్ప్రింగు గట్టిగా ఉంటే రెండు రోజుల్లో గుంట పడుతుంది. మొన చివర చిన్న ప్లాస్టిక్ బిళ్ల అతికించి ఒత్తిడిని పరచండి. పట్టీ చుట్టూ వదులుగా అల్యూమినియం ఫాయిల్ కప్పితే ఎండ, వాన రెండూ తగలవు. పొటెన్షియోమీటర్‌కు ఇచ్చే వోల్టేజీని కూడా ఏడీఎస్1115 ఇంకో చానెల్‌తో కొలిచి, రెండింటి నిష్పత్తినే వాడండి. లేకపోతే సాయంత్రం బ్యాటరీ దిగినప్పుడల్లా కాండం సన్నబడినట్టు కనిపిస్తుంది. లెక్క ప్రకారం ఈ అమరికలో అర మైక్రాన్ తేడా కూడా తెలియాలి. స్ప్రింగు రాపిడి వల్ల నమ్మదగింది కొన్ని మైక్రాన్లే, మనకు అది చాలు.

ఆకు తడి

వాన సెన్సర్ పేరుతో అమ్మే గీతల పలకను ఆకుల ఎత్తులో, 45 డిగ్రీల వాలుతో, ఉత్తరం వైపు తిప్పి కట్టండి. దీనికీ చదివేటప్పుడే కరెంటు ఇవ్వాలి, లేకపోతే గీతలు తుప్పు పట్టిపోతాయి. రాత్రి మంచు ఎన్ని గంటలు నిలిచిందో ఇది చెప్తుంది. ఆకుమాడు లాంటి శిలీంధ్ర తెగుళ్ల బీజాలు మొలకెత్తాలంటే ఆకు మీద తడి కొన్ని గంటలు ఉండాలి. బూడిద తెగులుకు ఆ అవసరం లేదు కాబట్టి పలక పొడిగా ఉందని దాని విషయంలో నిశ్చింతగా ఉండకండి.

అంకెలను చదవడం

మొదటి వారం ఏ నిర్ణయమూ తీసుకోకండి. ఊరికే రాయనివ్వండి. వైఫై అందితే గూగుల్ షీట్‌లోకి పంపొచ్చు, అందకపోతే మెమరీ కార్డులో రాయొచ్చు. పొలం దూరమైతే అంకెలను రేడియోతో దూరానికి పంపే లోరా మాడ్యూల్ వాడాలి. మన దేశంలో లైసెన్సు అక్కర్లేని 865 నుంచి 868 మెగాహెర్ట్జ్ రకమే కొనండి. వేరే దేశాల బ్యాండులవి కూడా ఆన్‌లైన్‌లో కలిసిపోయి ఉంటాయి.

ఆకు ఉష్ణోగ్రతలోంచి గాలి ఉష్ణోగ్రత తీసేస్తే వచ్చే అంకె మీకు ముఖ్యం. అది కూడా పగలు పన్నెండు నుంచి రెండు మధ్య, మబ్బు లేనప్పుడు. నీళ్లు బాగా అందుతున్న టమాటా ఆకు పొడి ఎండలో గాలి కంటే చల్లగా ఉంటుంది. ఎంత చల్లగా అన్నది గాలి ఎంత పొడిగా ఉందన్న దాన్ని బట్టి ఉంటుంది. గాలి వేడి 35 డిగ్రీలు, తేమ 40 శాతం ఉన్న రోజు గాలి నీటిని లాగే శక్తి 3.4 కిలోపాస్కల్స్ దాకా ఉంటుంది. 30 డిగ్రీలు, 70 శాతం తేమ ఉన్న రోజు అది 1.3 మాత్రమే. మొదటి రోజు ఆరోగ్యమైన ఆకు బాగా చల్లబడుతుంది, రెండో రోజు అంతగా చల్లబడదు. నిన్నటి అంకెతో ఇవాళ్టిది పోల్చి కంగారు పడేవాళ్లు మరిచిపోయేది ఇదే.

ఈ చిక్కును దాటడానికి ఒక చక్కటి ఉపాయం ఉంది. అమెరికాలోని అరిజోనాలో ఇడ్సో, జాక్సన్ అనే శాస్త్రవేత్తలు 1981లో ప్రతిపాదించిన నీటి ఎద్దడి సూచికకు ఇది ఇంట్లో చేసుకోగల రూపం. ఎంచుకున్న మొక్క మీదే, అదే ఎండలో ఉన్న ఇంకో రెండు ఆకులు తీసుకోండి. ఒక ఆకుకు రెండు వైపులా వాజిలిన్ పలచగా పూయండి. దాని రంధ్రాలు మూతపడినట్టే, నీరు ఆవిరి కాదు, ఆ రోజుకు ఆకు చేరగల గరిష్ఠ వేడి అదే. రెండో ఆకుకు రెండు వైపులా నీళ్లు చిలకరించి ఒక నిమిషం ఆగండి, అది కనిష్ఠం. ఇన్‌ఫ్రారెడ్ గన్‌తో (తాకకుండా వేడి చూపే చేతి థర్మామీటర్) మూడు ఆకులనూ దగ్గరగా చదవండి. మామూలు ఆకు 33, తడి ఆకు 29, వాజిలిన్ ఆకు 37 వచ్చిందనుకుందాం. 33లోంచి 29 తీస్తే 4, 37లోంచి 29 తీస్తే 8. నాలుగును ఎనిమిదితో భాగిస్తే 0.5. సున్నాకు దగ్గరైతే మొక్క హాయిగా ఉంది, ఒకటికి దగ్గరైతే రంధ్రాలు దాదాపు మూసేసింది. ఈ అంకెను ఏ రోజుదైనా ఇంకో రోజుతో పోల్చవచ్చు, ఎండ సరిగా ఉంటే చాలు. వారానికి రెండుసార్లు చేయండి. వాజిలిన్ పూసిన ఆకు తర్వాత పనికిరాదు, ప్రతిసారీ కొత్తది వాడాలి. కోవిడ్ రోజుల్లో కొన్న నుదుటి థర్మామీటర్‌తో ఈ పని కాదు. అది మనిషి ఒంటి వేడికి సరిచేసి చూపిస్తుంది. మెకానిక్కులు వాడే రకం కావాలి.

కాండం విషయంలో రోజుకు రెండు అంకెలు తీసుకోండి. తెల్లవారుజామున ఉన్న గరిష్ఠ మందం, మధ్యాహ్నం తర్వాత ఉన్న కనిష్ఠం. రెండింటి తేడా ఆ రోజు మొక్క పడిన శ్రమ. తెల్లవారుజాము అంకె రోజురోజుకూ పెరుగుతుంటే మొక్క ఎదుగుతోంది. కాయలు బాగా పట్టాక ఆ ఎదుగుదల సహజంగానే నెమ్మదిస్తుంది, దాన్ని రోగం అనుకోవద్దు.

హెచ్చరిక ఎప్పుడు మోగాలి? ఏదైనా ఒక మొక్క ఆకు, పోలిక మొక్కల కంటే డిగ్రీన్నర పైగా వేడిగా వరసగా రెండు మధ్యాహ్నాలు ఉంటే, లేదా రెండు రాత్రులు కాండం ముందురోజు మందానికి తిరిగి రాకపోతే ఫోనుకు మెసేజ్ వచ్చేలా పెట్టండి. టెలిగ్రామ్ బాట్‌తో ఇది ఉచితంగా అవుతుంది. మీ చేనును బట్టి ఈ హద్దులు తర్వాత సవరించుకోండి. ఒక్క పూట తేడాకు మోగేలా పెడితే పది రోజుల్లో విసుగొచ్చి ఫోన్ మ్యూట్ చేసేస్తారు.

మెసేజ్ వచ్చాక

మందు డబ్బా కాదు, ముందు డ్రిప్పర్ చూడండి. ఉప్పు పట్టి మూసుకుపోయిన డ్రిప్పర్, ఎలుక కొరికిన పైపు, తొలి అనుమానం వీటి మీదే ఉండాలి. అన్ని మొక్కలూ ఒకేసారి వేడెక్కితే అది వాతావరణమో, మోటారో. ఒక్కటే వేడెక్కి పక్కవి బాగుంటే ఆ మొక్క కిందో లోపలో ఏదో జరుగుతోంది.

మట్టి పొడిగా ఉందా? తడి ఇచ్చి మరుసటి రోజు చూడండి. ఆకు చల్లబడి, కాండం రాత్రికి కోలుకుంటే కథ అక్కడితో సరి.

మట్టి తడిగానే ఉన్నా ఆకు వేడిగా, కాండం సన్నగా ఉంటే అసలు శ్రద్ధ పెట్టాల్సింది అప్పుడు. నీళ్లు నిలిచి వేరుకు గాలి ఆడకపోవడం, వేర్లకు నులిపురుగులు, ఎండు తెగులు, ఈ మూడింటిలో ఏదైనా కావచ్చు. ఆ మొక్కను వదులుకోవడానికి సిద్ధపడి వేరుతో పెకలించండి. వేర్ల మీద బుడిపెలు వరసగా ఉంటే నులిపురుగులు. లేకపోతే కాండం మొదట్లోంచి వేలెడు ముక్క కోసి, గాజు గ్లాసులో తేట నీళ్లు పోసి, కోసిన అంచు నీళ్లలో మునిగేలా వేలాడదీయండి. కొద్ది నిమిషాల్లో పాల లాంటి తెల్లటి దారాలు కిందికి జారితే అది బాక్టీరియా ఎండు తెగులు. దారాలు రాకుండా, కాండాన్ని నిలువుగా చీలిస్తే లోపల గోధుమ రంగు చారలు కనపడితే, అడుగు ఆకులు ముందు పసుపు తిరిగి ఉంటే, ఫ్యుజేరియం అనే శిలీంధ్రం తెచ్చే ఎండు తెగులు మీద అనుమానం పెట్టుకోవచ్చు.

బాక్టీరియా ఎండు తెగులని తేలితే ఆ మొక్కకు మందు లేదు. కానీ సెన్సర్ మీకు కొన్ని రోజులు ముందుగా చెప్పి ఉంటే లాభం పక్క మొక్కలకు. చుట్టూ మట్టితో సహా తీసి చేను బయట పారేయండి. అటునుంచి ఇటు నీళ్లు పారకుండా ఆపండి. ఆ మొక్కను తాకిన కత్తితో ఇంకో మొక్కను తాకకండి. వచ్చే పంటకు ఆ మడిలో తట్టుకునే రకం వేసుకోండి. బెంగళూరులోని ఉద్యాన పరిశోధన సంస్థ ఐఐహెచ్‌ఆర్ ఇచ్చిన అర్క రక్షక్ ఈ తెగులును, ఆకుముడత వైరస్‌ను, ఆకుమాడును మూడింటినీ తట్టుకునే హైబ్రిడ్.

నీరు, వేరు, కాండం అన్నీ బాగుంటే ఆకు తిప్పి చూడండి. ఒక తెల్ల కాగితం పట్టుకుని కొమ్మను దులిపితే తామర పురుగులు, నల్లి కాగితం మీద కదులుతూ కనపడతాయి. ఆకుముడత వైరస్ విషయంలో మాత్రం ఈ సెన్సర్లను నమ్ముకోకండి. దానికి పసుపు రంగు జిగురు అట్టలే నయం. ఆ వైరస్‌ను మోసే తెల్లదోమ ఎంత అంటుకుందో వారం వారం లెక్కపెడితే వైరస్ రాకముందే తెలుస్తుంది. తామర పురుగులకు నీలం అట్టలు.

ఆకు అంకె గాలి అంకెతో కలిసిపోయినా, మామూలు కంటే చల్లగా చూపించినా వెళ్లి చూడాల్సిందే. చాలాసార్లు పూస ఊడి కింద వేలాడుతుంటుంది, లేదా ఆకు తడిగా ఉంటుంది. పిచికారీ చేసే రోజు ఆ గంటల అంకెలు కొట్టేయండి. కోతులున్న ఊరైతే మిద్దె మీద తీగలన్నీ గొట్టంలోంచి పంపండి. మెరిసే ఫాయిల్ చూస్తే అవి వదలవు.

ఆకు తడి పలక వరసగా రెండు మూడు రాత్రులు ఎక్కువ గంటలు తడిగా చూపిస్తే అడుగు ఆకులు ఎత్తి చూడండి. వలయాల్లా ఉన్న గోధుమ రంగు మచ్చలు కనపడితే ఆకుమాడు మొదలైనట్టు. ఆ ఆకులు గిల్లేసి, సాయంత్రం తడి ఇచ్చే అలవాటుంటే ఉదయానికి మార్చుకోండి. మందు కొట్టాలా వద్దా అన్నది ఆ మచ్చలు చూశాకే.

ఏదీ తేలకపోతే దగ్గర్లోని కృషి విజ్ఞాన కేంద్రానికి నమూనా తీసుకెళ్లండి. ఆకు ఒక్కటి తుంచుకుపోతే వాళ్లు ఏమీ చెప్పలేరు. వేర్లు, కాస్త మట్టితో సహా మొక్క మొత్తం తీసి, పొడి న్యూస్‌పేపర్‌లో చుట్టి, అదే రోజు చేర్చండి. తడిపి పాలిథిన్ కవర్లో పెడితే దారిలోనే కుళ్లి అసలు తెగులు ఏదో తెలియకుండా పోతుంది. బాగున్న మొక్క ఒకటి కూడా విడిగా చుట్టి తీసుకెళ్లండి. రకం పేరు, నాటిన తేదీ, చివరగా కొట్టిన మందు ఒక చీటీ మీద రాసి, పది రోజుల ఆకు, కాండం గ్రాఫు ప్రింటు తీసి దానికి పిన్ చేయండి.